నూటికి ఎందరు?

పదవ తరగతి పరీక్షాఫలితాలు వెలువడిన దినమున కోనసీమలో ఏ చిన్న జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు వెళ్ళినా ఇంచుమించు ఒకే దృశ్యం కనబడుతుంది. సెలవులలో మూసి ఉన్న బడి ఆ పూటకు మాత్రం తలుపులు తెరచుకొంటుంది. ప్రధానోపాధ్యాయులు తమ గదిలో కూర్చుండి, హాల్ టిక్కెట్టు సంఖ్యలను ఫోనులో ఒకదాని తరువాత ఒకటిగా నొక్కుతూ, ఎదుటనున్న కాగితం మీద గీతలు గీస్తూ ఉంటారు. వరండాలో నలుగురైదుగురు పిల్లలు, ఒకరిద్దరు ముసలమ్మలు. గీతలన్నీ కూడి, పరీక్ష వ్రాసినవారి సంఖ్యచే భాగించి, నూరుచే గుణిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి, అక్కడనుండి అమలాపురములోని జిల్లా కార్యాలయానికి, అక్కడనుండి పత్రికలకు ప్రయాణం చేస్తుంది. సాయంకాలానికి రావిచెట్టు క్రింద కూర్చున్న పెద్దలు కూడ ఆ అంకెనే చెప్పుకొని, మేష్టర్లు బాగా చెప్పారనో, చెప్పలేదనో తీర్పు చేస్తారు.

ఒక సంవత్సరం సన్మానం, మరు సంవత్సరం సంజాయిషీ. రెంటికీ ఆధారం ఆ అంకెయే. ఇంతటి బరువును మోస్తున్న ఆ అంకెకు కాళ్ళు ఎంత గట్టివో ఒకసారి పరీక్షించి చూడవలసి ఉన్నది.

ముందుగా రాష్ట్రమంతటి లెక్కను చూతము. ఆంధ్రప్రదేశములో పదవ తరగతి ఉత్తీర్ణత 2019లో నూటికి 94.88. తరువాతి రెండేండ్లు కరోనా కారణముగా పరీక్షలే జరుగలేదు. అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో పరీక్ష మళ్ళీ జరిగినప్పుడు ఉత్తీర్ణత 67.26కు పడిపోయినది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ చివరి సంవత్సరములో 6,14,459 మంది పరీక్ష వ్రాయగా 4,98,585 మంది గట్టెక్కారు.

2022 నాటి పతనాన్ని చూచి అప్పట్లో ఉపాధ్యాయులను నిందించినవారు అనేకులు. ఐతే ఆ ఏట పరీక్ష వ్రాసిన పిల్లలెవరు? బడులు మూతపడిన 2020 మార్చి నాటికి వారు ఎనిమిదవ తరగతిలో ఉన్నారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చిన మాట నిజమే, ఫోనులలో పాఠాలు వచ్చిన మాటా నిజమే. కాని ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి పోతూ జేబులో వేసుకొని పోయిన తరువాత ఆ పాఠం ఎవరికి అందినది? తొమ్మిదవ తరగతి బీజగణితం నేర్వని బాలుడు పదవ తరగతిలో నేలవిడిచి సాము చేయవలసి వచ్చినది. ఆరు లక్షల మంది మీద లెక్కించిన అంకె గనుక అందులో ఒక చరిత్ర కనబడుతున్నది. అంత పెద్ద రాశిలో నూటికి ఐదున్నర తగ్గినదంటే ముప్పది వేలకు పైబడిన పిల్లల కథ. దానికి గట్టి కారణమేదో ఉండి తీరుతుంది.

అదే లెక్కను ఇప్పుడు రాజోలు దీవిలోని ఒక చిన్న బడికి తెచ్చి చూడండి. పదవ తరగతిలో ఇరువది మంది ఉన్నారనుకొందాము. ఇక్కడ నూటికి ఐదు అంటే ఒక్క బాలుడు. వానికి సరిగా లెక్కల పరీక్షనాడే జ్వరం వచ్చినది. బడి ఉత్తీర్ణత ఐదు పాళ్ళు తగ్గినది. పక్క ఊరిలో పదిమందే వ్రాశారు. అక్కడ ఒక్కరు తప్పితే పది పాళ్ళు. రాష్ట్రం మొత్తం మీద ఎంతో పెద్ద కారణముంటే తప్ప జరుగని మార్పు, ఈ బడిలో ఒక పిల్లవాని కడుపునొప్పి వలన జరుగుతుంది.

ఈ విషయములో గణితం ఒక చిత్రమైన సంగతి చెబుతుంది. విద్యార్థులు స్వయముగా వేసి చూచుకొనదగిన లెక్క గనుక ఇక్కడ వ్రాస్తున్నాను. ప్రతి పిల్లవానికీ పరీక్షలో నెగ్గడానికి నూటికి ఎనుబది వంతులు అవకాశమున్నదనుకొందాము. అనగా పాఠశాలలన్నీ సమానమైనవే, ఉపాధ్యాయులందరూ సమర్థులే. ఐదుగురున్న తరగతిలో ఐదుగురూ నెగ్గే అవకాశం 0.8ని ఐదుసార్లు గుణిస్తే వస్తుంది. దాదాపు మూడింట ఒక వంతు. ఇరువది మంది ఉన్న తరగతిలో అందరూ నెగ్గే అవకాశం నూటికి ఒకటికి కొంచెం ఎక్కువ. అరువది మంది ఉన్న తరగతిలోనో, పది లక్షలకు ఒకటి రెండు. బోధనలో ఇసుమంత భేదం లేకపోయినా నూటికి నూరు వచ్చిన బడుల పట్టికలో చిన్న బడులే ముందు వచ్చి నిలుస్తవన్నమాట. అదే కారణముచేత పట్టిక అడుగున కూడ చిన్న బడులే తేలుతవి. 2022లో మన రాష్ట్రములో 797 పాఠశాలలు నూటికి నూరు సాధించినవి, 71 పాఠశాలలలో ఒక్కరూ నెగ్గలేదు. 2025లో నూరు వచ్చినవి 1,680. సున్న వచ్చినవి 19. ఈ పట్టికలు వెలువడిన ప్రతిసారీ నూరును చూచి చప్పట్లు, సున్నను చూచి ఛీత్కారాలు వినబడినవి గాని, ఆ బడులలో ఎందరు పిల్లలున్నారని అడిగినవారు కొద్దిమంది.

ఈ పొరపాటు మనకే పరిమితమైనది కాదు. అమెరికాలో ఉత్తర కెరొలినా రాష్ట్రపు పాఠశాలల ఫలితాలను థామస్ కేన్, డగ్లస్ స్టేగర్ అను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి, బహుమానాలు పొందిన బడులలో చిన్న బడులు లెక్కకు మించి ఉండడాన్ని 2002లో ఎత్తి చూపారు. ఆ కాలముననే ఆ దేశములో చిన్న బడులు మేలైనవన్న నమ్మకము బలపడి, బిల్ గేట్సు స్థాపించిన ధర్మసంస్థ పెద్ద బడులను చిన్నవిగా విడగొట్టడానికి అపారమైన ధనం వెచ్చించినది. చిన్న బడులు పట్టిక పైభాగాన ఉన్నట్లే అడుగునా ఉన్నవని హోవర్డ్ వెయినర్ అను గణాంకవేత్త 2007లో వ్రాశాడు. ఆశించిన అభివృద్ధి అనేక బడులలో కనబడలేదని గేట్సు తానే 2009 నాటి తన వార్షిక లేఖలో ఒప్పుకొన్నాడు. కోట్లు పోసి కొనుక్కొన్న ఆ పాఠాన్ని మనం ఒక పలక మీద లెక్క వేసికొని ఉచితముగా నేర్చుకొనవచ్చును.

ఇంతవరకు లెక్క సంగతి. ఇక పిల్లల సంగతి. అసలు విషయమంతా అక్కడనే ఉన్నది.

గౌతమీ వసిష్ఠల నడుమ పరచుకొన్న ఈ సీమను చూచినవారు కొబ్బరితోటలను, కాలువలను, పచ్చని చేలను చూచి ఇది సిరుల పుట్ట అనుకొంటారు. అబద్ధం కాదు. కాని తోట ఎవరిదో, ఆ తోటలో చెట్టెక్కే దింపు కార్మికుడెవరో, గునపం పాతి పీచు ఒలిచే ఒలుపు కార్మికుడెవరో కూడ చూడాలి గదా! కోనసీమ జనాభాలో షెడ్యూల్డు కులాలవారు నూటికి పాతికకు మించి ఉన్నారు. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన తరువాత అమలాపురం, రాజోలు, పి. గన్నవరం శాసనసభాస్థానాలు మూడూ వారికే కేటాయింపబడి ఉండడానికి కారణమదే. వీరి పిల్లలు, వెనుకబడిన కులాల కూలీల పిల్లలు, సముద్రపుటొడ్డున అంతర్వేది మొదలు ఓడలరేవు వరకు గల మత్స్యకారుల పిల్లలు — నేడు చిన్న జిల్లా పరిషత్తు బడిలో బల్లల మీద కూర్చున్నవారు ప్రధానముగా వీరే.

ఎల్లప్పుడూ ఇట్లే ఉండేది కాదు. జిల్లా పరిషత్తులు 1959 నాటి చట్టముతో వచ్చినవి. అంతకు ముందు ఇవి జిల్లా బోర్డు బడులు. "బోర్డు హైస్కూలు" అనే మాట పెద్దల నోట నిన్న మొన్నటి దాకా వినవచ్చేది. ఆ బడిలో కరణంగారి అబ్బాయి, కామందుగారి అబ్బాయి, ఆ కామందు పాలేరు కొడుకు — చేరగలిగితే — ఒకే తరగతిలో ఉండేవారు. చేరగలగడమే గగనం. మామిడికుదురులో 1911లో ఒక పేద దళిత కుటుంబములో పుట్టిన బోయి భీమన్నగారు పట్టభద్రులై, కవియై, 1975లో సాహిత్య అకాడెమీ బహుమానమందుకొన్నారు. ఎదుర్లంకలో పుట్టిన జి. ఎం. సి. బాలయోగిగారు ప్రాథమిక విద్యకు గుత్తెనదీవికి, పెద్ద చదువులకు కాకినాడకు పోయి, 1998లో లోకసభకు అధ్యక్షులైనారు. ఆ కాలములో బడికి వచ్చిన దళిత బాలుడు నూటికి ఒకడు. నేడు కొన్ని బడులలో నూటికి తొంబది మంది అట్టివారే. అది బడి సాధించిన విజయమా, లేక మిగిలినవారు బడిని విడిచిపోయిన ఫలితమా? రెండూను.

విడిచిపోవడానికి దారులు వేసినవి వంతెనలు, రహదారులు. గౌతమిపై యానాం ఎదుర్లంకల నడుమ వంతెన 2002లో తెరచినప్పుడు దానికి బాలయోగిగారి పేరే పెట్టారు. పడవ కోసం రేవులో గంటలు గడిపిన జనానికి అది వరమే, సందేహం లేదు. కాని దారి ఏర్పడిన చోటికల్లా పసుపుపచ్చని బస్సులు వచ్చినవి. ఉదయం ఏడున్నరకు జిల్లా పరిషత్తు బడి గేటు ముందునుండే ఆ బస్సులు పట్టణపు ప్రైవేటు బడులకు సాగిపోతవి. రుసుము కట్టగలవారి పిల్లలు ఎక్కి వెళ్ళిన తరువాత మిగిలినవారు నడచి వచ్చి ప్రభుత్వపు బడిలో కూర్చుంటారు. బస్సు ఎక్కినవారు తెలివిగలవారని నేననను. ఇంట్లో చదువుకొన్న తల్లి, రాత్రి వెలిగే ఒక ప్రత్యేకమైన దీపం, అడిగితే చెప్పే ట్యూషను మేష్టరు గలవారు అంటాను. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ సమర్పించిన నివేదిక సారాంశం కూడ దాదాపు ఇదే: పిల్లవాని మార్కులలోని భేదాలకు బడికంటె ఇల్లే ఎక్కువ కారణం.

ఆ ఇల్లు ఎట్లున్నదో బడిలోని ప్రవేశపు రిజిస్టరు చెబుతుంది. తండ్రి లేక సంరక్షకుడు అన్న గడిలో అమ్మమ్మల పేర్లు, నాయనమ్మల పేర్లు కనబడుతవి. కారణం కోనసీమలో అందరికీ తెలిసినదే. కువైట్, మస్కట్, దోహా, దుబాయి. కోనసీమ నుండి ఇండ్లలో పనిచేయడానికి వేలాది స్త్రీలు ఏండ్ల తరబడి గల్ఫు దేశాలకు పోతున్నారు. వారు పంపిన ధనముతో ఇంటికి శ్లాబు పడినది, అప్పు తీరినది. పిల్ల మాత్రం ముసలమ్మ దగ్గర పెరిగినది. హోంవర్కు చూచే కన్నులకు అక్షరం రాదు. ఉపాధ్యాయుడు తలిదండ్రుల సమావేశానికి కబురంపితే ముసలమ్మ వచ్చి బెంచీ చివర కూర్చుండి, "నాకేం తెలుసు బాబూ, మీరే కొట్టైనా చెప్పండి" అంటుంది. ఆ ఇంటినుండి వచ్చిన ముప్పది ఐదు మార్కులు, బస్సు ఎక్కి వెళ్ళిన ఇంటినుండి వచ్చిన ముప్పది ఐదు మార్కులు ఒకటేనా?

ఇక గోదావరి. బడులు జూన్‌లో తెరుస్తారు. జూలై, ఆగస్టులలో గోదావరి వస్తుంది. ధవళేశ్వరము దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మూడవది ఎగురవేశారంటే లంకలలోని పిల్లలు బడికి రారు. వచ్చినా చదువుకు కాదు, తలదాచుకొనడానికి, ఎందుకంటే వరదలో బడియే పునరావాసకేంద్రము. పి. గన్నవరం మండలములోని బూరుగులంక, ఉడిముడిలంక వంటి గ్రామాల పిల్లలు, వరద వచ్చి తాత్కాలికపు దారి కొట్టుకొనిపోయినప్పుడల్లా, ఎన్నో ఏండ్లు పడవ మీద పాయ దాటి చదువుకొన్నారు. 2022 జూలైలో పెద్ద వరద వచ్చి లంకలు మునిగినప్పుడు ఆ పిల్లలకు పోయిన పనిదినాలను ఏ ఫలితపట్టికలోను ఎవ్వరూ చూపలేదు. పరీక్షాపత్రం రాష్ట్రమంతటికీ ఒక్కటే; గోదావరి అందరి ఇండ్లలోకీ రాదు.

ఐతే ప్రభుత్వానికి ఇది తెలియదని అనలేము. ఒకచోట తెలిసినట్లే ప్రవర్తించినది. 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, మన పిల్లలు ట్రిపుల్ ఐటీ అని పిలిచేది, పదవ తరగతి మార్కులను బట్టియే విద్యార్థులను చేర్చుకొంటుంది. అక్కడ ప్రభుత్వపు బడిలో చదివినవారి మార్కులకు నూటికి నాలుగు వంతులు అదనముగా కలిపే నియమమున్నది. దాని పేరే లేమికి ఇచ్చే మార్కు. పిల్లవాడు విశ్వవిద్యాలయపు గుమ్మం దగ్గరకు పోయినప్పుడు, ఈ మార్కులు కష్టపడి తెచ్చుకొన్నవి, వీటి విలువ హెచ్చు అని ఒప్పుకొంటున్నాము. ఆ పిల్లవానికి చదువు చెప్పిన బడిని తూచేటప్పుడు మాత్రం ఆ త్రాసును అటకమీద పెడుతున్నాము.

అన్నం విషయములో కూడ ఈ తెలివిడి కలిగినది. లంకల గన్నవరములో వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం కులం అడుగక అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరును 2024లో బడి మధ్యాహ్నభోజనానికి పెట్టారు. ఆకలితో ఉన్నవానికి పాఠం ఎక్కదని ఎవరికి చెప్పనక్కరలేదు. ఖాళీగా ఉన్న ఇంటినుండి వచ్చినవానికి కూడ ఎక్కదని చెప్పవలసివస్తున్నది.

ఇంతకంటె కీడు మరొకటి ఉన్నది. శాతాన్నిబట్టి బడికి విలువ కట్టినకొద్దీ, శాతాన్ని పెంచే మార్గాలు బోధనలోనే గాక భాగహారములో కూడ వెదకబడుతవి. ఆరవ తరగతిలో ఇరువది ఎనిమిది మంది చేరారు. పదవ తరగతి పరీక్ష వ్రాసినవారు ఇరువది మంది. నెగ్గినవారు పద్దెనిమిది. పత్రికలో నూటికి తొంబది అని పడుతుంది. కాని ఇరువది ఎనిమిదిలో పద్దెనిమిది అంటే నూటికి అరువది నాలుగే! తక్కిన ఎనిమిదిమందిలో పట్టణపు బడులకు పోయినవారెవరు, దింపు పనికి పోయినవారెవరు, పెండ్లియై పోయిన బాలిక ఎవరు? మందబుద్ధి అని పేరుపడిన కుర్రవానిని "ఈ ఏడు ఆగరాదూ" అని సాగనంపిన బడికి సన్మానము జరిగి, ఆ కుర్రవానినే చేయిపట్టి పరీక్షాకేంద్రము దాక తీసికొనివెళ్ళిన బడికి సంజాయిషీ కాగితం రావడం జరుగవచ్చును. ఇటువంటి ప్రమాదము లోకానికి క్రొత్త కాదు. ఇంగ్లండులో 1862లో ఫలితాలనుబట్టి బడికి గ్రాంటు అను పద్ధతి వచ్చినది. పిల్లలు పాఠం బట్టీపట్టి, పుస్తకం తలక్రిందులుగా పట్టుకొని కూడ గడగడ చదివేసేవారట! కవియు పాఠశాలల తనిఖీదారుడును ఐన మాథ్యూ ఆర్నాల్డ్ దాన్ని గట్టిగా ఖండించాడు. మన మద్రాసు రాజధానిలో కూడ పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధాన ఆ పద్ధతి సాగినది. ఇంగ్లండువారు ఆ శతాబ్దాంతానికి దాన్ని వదలుకొన్నారు.

పరీక్షాఫలితాలు అక్కరలేదని నా అభిప్రాయము కాదు. సరిగా పాఠం చెప్పని మేష్టరుకు ఈ వ్యాసం గొడుగు కారాదు. పిల్లల పేదరికాన్ని చూపి పాఠం ఎగవేసేవారు లేరని అంటే ఎవరు నమ్ముతారు? బాలురకంటె బాలికలు ఏటేటా ముందుంటున్నారు. 2025లో బాలికలు నూటికి 84.09, బాలురు 78.31. అదే ఇల్లు, అదే బడి, అదే వరద. ఆ ఆరు పాళ్ళు ఎక్కడ పోయినవో తోటలలోను, రొయ్యల చెరువుల గట్లమీదను, మోటారు సైకిళ్ళమీదను వెదకవలసినదే గాని పేదరికములో మాత్రమే వెదకితే దొరకవు. నేను కోరేది ఒక్కటే: ఫలితపు పట్టికను ప్రవేశపు రిజిస్టరు పక్కన పెట్టి చదవాలి. చిన్న బడికి ఒక్క ఏటి శాతం కాక నాలుగైదేండ్లది కలిపి చూడాలి. ఎందరు చేరారు, ఎందరు నిలిచారు, ఏ స్థితిలో వచ్చారు, ఏ స్థితిలో వెళ్ళారు అని అడగాలి. దీనికి క్రొత్త ఉద్యోగులు అక్కరలేదు. యు-డైస్ అను దేశవ్యాప్తపు లెక్కలో 2022-23 నుండి ఒక్కొక్క పిల్లవాని వివరము విడివిడిగా నమోదు అవుతూనే ఉన్నది. ఉన్న లెక్కను చదివేవారు కావాలి.

చదివిన మేష్టరు ఒకరిని నేనెరుగుదును. కొత్తపేట వైపు ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన దగ్గర అట్టతో కుట్టుకొన్న ఒక నోటుపుస్తకం ఉండేది. ఆరవ తరగతిలో చేరిన ప్రతి పిల్లకూ ఒక పేజీ. పై భాగాన వచ్చిననాటి స్థితి, క్రింది భాగాన వెళ్ళిననాటి స్థితి. అధికారులెవ్వరూ దాన్ని అడుగలేదు, ఆయనా చూపలేదు. ఒకనాడు నేను పుటలు త్రిప్పుతూ ఒక బాలిక పేజీ దగ్గర ఆగాను. పైన ఇట్లున్నది: "తల్లి మస్కట్. అమ్మమ్మ దగ్గర. పేరు వ్రాయును. వాక్యం చదువలేదు. తీసివేతలు రావు." క్రింద, ఐదేండ్ల తరువాతి తేదీతో, అదే దస్తూరీతో: "తెలుగు 64. సాంఘికం 47. లెక్కలు 31. తప్పినది. సప్లిమెంటరీకి రుసుము కట్టినది. రేపు ఉదయం ఆరు గంటలకు బడికి వస్తుంది."